విగ్రహానికి నేర్పిన మాట

ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా నాయకుల విగ్రహాలు మాట్లాడుతున్నాయి. ఎదురుగా నిలబడి మనం ఏది ఎక్కువసార్లు చెబితే, అదే నేర్చుకుని పలుకుతాయి.

మా సెంటర్లో ఉన్నది సత్యానందం విగ్రహం. వరద వచ్చిన రాత్రి తన రొయ్యల చెరువులు మునగకూడదని, చాటింపైనా వేయించకుండా మా లంక మీదికి నీళ్లు పోయేలా గేట్లు ఎత్తించినవాడు. నా భార్య అచ్చియ్యమ్మ గేదెను విప్పబోయి ఆ నీళ్లలో పోయింది.

పార్టీవాళ్లు జయంతికీ వర్ధంతికీ తప్ప అటు రారు. నేను రోజూ వెళ్లి చెప్పేవాణ్ణి.

"ఆయనతో నీకేం చుట్టరికం, తాతా?" అని టీకొట్టు నూకరాజు నవ్వేవాడు.

"మా ఇంట్లో కర్మ చేయించిన చుట్టంరా."

నిన్న జయంతి. మంత్రిగా ఉన్న కొడుకు నిచ్చెనెక్కి గజమాల వేశాడు.

"నాన్నగారూ, ప్రజలకు రెండు మాటలు చెప్పండి" అన్నాడు మైకులో.

విగ్రహం గొంతు సవరించుకుంది. "గేట్లు నేనే ఎత్తించాను. చాటింపు వేయించలేదు. అచ్చియ్యమ్మను చంపింది నేనే."

"ఆపండ్రా దాన్ని!" అని మంత్రి అరిచాడు.

విగ్రహాన్ని చూసుకునే మెకానిక్కు చేతులు నలుపుకున్నాడు. "ఆపితే జిల్లా మొత్తానికీ నాన్నగారొక్కరే మూగవారైపోతారండి. మాట మారాలంటే మనోళ్లు రోజూ వచ్చి ఆయన మంచి చెప్పాలండి."

మంత్రి వెనక్కి తిరిగి చూశాడు. కార్యకర్తలందరూ అప్పటికే బిర్యానీ పొట్లాల దగ్గరున్నారు.

ఈ ఉదయం మళ్లీ వెళ్లాను. సెంటర్లో ఎవరూ లేరు. గేదె సంగతి విగ్రహానికింకా రాదు.