సున్నం రాళ్లు

హైటెక్ సిటీ కొత్తగా లేచిన ఏడాది. నానక్‌రామ్‌గూడ గుట్టల్లో వాన పడితే బండలు జారుతాయి, బాటలు చెదిరిపోతాయి. అందుకే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫణీంద్ర, తన ఇరవై ఒక్క గేర్ల సైకిలు దారి తప్పకూడదని, పోయిన ఆదివారం మలుపు మలుపునా రాయి పాతి సున్నం కొట్టాడు.

ఈ ఆదివారం వచ్చేసరికి రాయి రాయి దగ్గరా ఒక కారు ఆగి ఉంది.

"ఏంటీ సందడి, బీరయ్యా?" అని మేకలు కాసుకునే ఆయన్ని అడిగాడు.

"ఎవడో ప్లాట్లు అమ్ముతుండు సారూ. మీ ఆఫీసోళ్లే ఎగబడ్డరు."

"అవి ప్లాట్ల రాళ్లు కావయ్యా! నా సైకిలు కోసం నేను పాతినవి!"

"మీరు పాతంగ నేను చూసిన గద. చెప్తే ఎవ్వరు నమ్ముతలేరు. పొద్దటికీ ఇప్పటికీ రేటు డబలైంది."

ఫణీంద్ర హెల్మెట్ తీశాడు. సైకిలును బండకు ఆనించి, గొంతు తగ్గించాడు.

"కార్నర్ బిట్ ఏమైనా మిగిలిందా?"