మోట ఎద్దు పన్నెండడుగులు

పశుకులమునకెల్ల తల్లియైన కామధేనువునకు మ్రొక్కి, ధవళుడను ముసలి యెద్దు కథ చెప్పెదను, వినుడు.

ధవళుడు పడుచుదనమంతయు బావికడ మోట లాగెను. నిండిన తోలుబానను పైకి తెచ్చుటకు ముందుకు పన్నెండడుగులు, ఖాళీ బానను దింపుటకు వెనుకకు పన్నెండడుగులు నడచుటయే వాని బ్రతుకు. ముదిమిలో యజమాని అడవికి విడిచినను, వాని మెడలోని మోకు పోలేదు, కాళ్లలోని ఆ లెక్కయు పోలేదు. పచ్చిక మేయబోయి పన్నెండడుగులు నడచి, మరల వెనుకకే వచ్చుచుండెను.

కాడి యెరుగని ఆబోతు మదకేతువు పకపక నవ్వెను. "ఏమి తాతా, మేత ముందుండగా వెనుకకు పోయెదవు? బావి పిలిచినదా?"

"ఏమి చేయుదును నాయనా! కాళ్లు నా మాట వినవు."

"ఇదిగో, నీ నడక నేనును నడచెదను, చూడుము!" అని వెక్కిరించుచు వెనుకకు నడచిన మదకేతువు మడుగులో కూలి, మెడదాక బురదలో దిగబడెను.

"తాతా, చచ్చితిని! లాగుము!"

ధవళుడు మడుగునకు వీపు త్రిప్పి మోకు కొసను జార్చెను. ఆబోతు దానిని కొమ్ములకు చుట్టుకొనెను. ముసలి కాళ్లు పన్నెండడుగులు లాగగా మదకేతువు గట్టు దాక వచ్చెను. వెంటనే ధవళుడు వెనుకకు నడచెను. ఆబోతు మరల బుడుంగున మునిగెను.

"ఆగుము తాతా, ఆగుము!"

"ఆగుట నాకెవ్వరును నేర్పలేదు నాయనా. పన్నెండవ అడుగున నీవే గట్టెక్కుము."

ఏడవ మారున గాని మదకేతువునకు లెక్క కుదరలేదు. నాటినుండి ధవళుడు నడచునప్పుడెల్ల వాడు నవ్వక, దూరముగా నిలిచి అడుగులు లెక్కించుచుండెను.

ఈ కథ విన్నవారికెల్ల మునిగిన వేళ మోట యెద్దు దొరకుగాక, పన్నెండు వరకు లెక్కయు వచ్చుగాక!