మామిడి పూత వాసన

తేనెటీగలు కనుమరుగయ్యాక మామిడి కాపు ఆగిపోయింది. వృక్ష శాస్త్రవేత్తలు పూతకు కుళ్ళిన మాంసం వాసన తెప్పించారు. ఆ వాసనకు ఈగలు ముసిరి, మళ్ళీ కాయ నిలిచింది. పూత కాలమంతా నూజివీడు తోటల్లో ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకునే వంట చేసేవారు.

ఆ ఏడు వరహాలమ్మ వాళ్ళ తోట చూడడానికి శాస్త్రవేత్త మృదుల వచ్చింది. కాపలాదారు ఏసోబును పిలిస్తే పలకలేదు.

"మూడ్రోజుల్నుంచీ కనబళ్ళేదండీ. ఊరెళ్ళుంటాడు," అన్నాడు వరహాలమ్మ భర్త భూషణం.

చివరి వరుసలో ఒక చెట్టు దగ్గర మృదుల మురిసిపోయింది. "వాసన ఎంత బాగా పట్టిందో! ఈగలు చూడండి, నల్లగా ముసిరాయి."

వరహాలమ్మ చెట్టు వెనక్కి వెళ్ళింది. ఏసోబు అక్కడ చచ్చి పడి ఉన్నాడు. ఈగల కింద అతని ముఖం కనబడలేదు. ఆమె అక్కడే వాంతి చేసుకుంది.

శవాన్ని తీసుకెళ్ళాక ఆమె గొడ్డలి తెచ్చింది.

"పూత మీదున్న చెట్టే! పిచ్చెక్కిందా నీకు?" భూషణం అడ్డం వచ్చాడు.

"మనిషి కుళ్ళిపోయినా తెలీని తోట మనకెందుకండీ? ఛీ!"

మృదుల ఏదో చెప్పబోయింది.

"మీరు మాట్లాడకండి మేడమ్‌గారూ. ముక్కు మూసుకోకుండా ఇక్కడే నిలబడండి."

మొదటి దెబ్బకే పూత రాలి ముగ్గురి జుట్టుకూ అంటుకుంది.