మూలన ఒక్క మాట

గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ లైబ్రరీని సాయంత్రం అప్‌డేట్ చేసి ఇంజనీరమ్మ తన కొంప తనే ముంచుకుంది. జలాశయం గేట్ల దగ్గరి నీటిమట్టం గ్రాఫులో గీతలు భేషుగ్గా ఉన్నాయి. అక్షరాలు ఉండాల్సిన చోటల్లా ఖాళీ గడులే! ఏ గీత ఏ గేటుదో తెలిస్తే ఒట్టు. పొద్దున్నే ఈ గ్రాఫు ప్రింటు చూసే గేట్లు ఎత్తుతారు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అని గొణుక్కుంటూ ఫాంటు మార్చింది. మళ్ళీ గడులే. కింద మూలన మాత్రం ఒక్క మాట ముత్యంలా కనబడింది.

"తిన్నావా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్షరాలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికి మూలన ఆ మాట రాసి, ప్రింటుకు ముందు చెరిపేయడం మాస్టారి అలవాటు. తనకు ఈ పని నేర్పిన మాస్టారు పోయి ఏడాదైంది. ఆ మాట ఆమె రాయలేదు.

ఆ రాత్రివేళ అంతస్తులో తను తప్ప ఎవరూ లేరు. భయపడాల్సింది పోయి ఆమెకు నవ్వొచ్చింది.

"ఇంకా లేదు మాస్టారూ," అంది పైకే.

తెర మీద మాట మారింది. "ముందు తిను. తర్వాత పాత వెర్షన్ పెట్టు."

బుద్ధిగా తినేసి వచ్చి పాత వెర్షన్ పెట్టింది. గేట్ల పేర్లన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఖాళీ అయిన మూలన తనే టైపు చేసింది.

"మరి మీరు తిన్నారా?"

పక్కనే, ఏడాదిగా తాళం వేసి ఉన్న మాస్టారి గదిలో, క్యారేజీ మూత తెరుచుకున్న చప్పుడైంది.