జాబితాలో లేని పేరు

"పేర్లు చదివేటప్పుడు టోపీ తియ్యాలండీ," అంది ఎలియానా.

చివరి వరుసలోని కొత్త మనిషి తలూపి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. గోతెన్‌బర్గ్‌లో బయట మంచు పడుతోంది. లోపల బడి హాల్లో, చిలీ నుంచి పారిపోయి వచ్చిన మావాళ్లు వందమంది, మానవ హక్కుల సంఘం స్వీడన్‌వాళ్లు కొందరు. ఒక బల్ల మీద ఖైదీల విడుదల కోసం సంతకాల కాగితాలు. ఇంకో బల్ల మీద మాంసం కూరిన ఎంపనాడాలు. జనం రెండో బల్ల దగ్గరే ఎక్కువ. ఎంత ఉద్యమమైనా ఆకలి ఆకలే.

ఆదివారం ఆదివారం జరిగే ఆ కచేరీలో పాటలు ఎలియానా మొగుడు ఒస్వాల్దోవి. ఆ పాటలకే సైనిక ప్రభుత్వం అతన్ని ఏడు నెలలు కళ్లకు గంతలు కట్టి శిబిరంలో ఉంచి, ఆనక దేశం నుంచి తరిమేసింది. అతని తమ్ముడు లౌతారోను అదే శిబిరం నుంచి ఎటో తీసుకెళ్లారు. తొమ్మిదేళ్లయింది, ఆచూకీ లేదు.

మావాళ్లకో ఆనవాయితీ ఉంది. కచేరీ చివర చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ప్రతి పేరుకూ హాలంతా "ఉన్నాడు" అంటుంది. మనిషి పోయాడని రూఢి అయితేనే పేరు జాబితాకెక్కుతుంది.

లౌతారో పేరు ఒస్వాల్దో ఎక్కనివ్వలేదు.

"ఎముకైనా చూడకుండా వాణ్ని నా నోటితో చంపలేను," అనేవాడు.

ఆ రోజు పేర్లు అయిపోయాయి. చివరి వరుసలోని మనిషి లేచి నిలబడ్డాడు.

"లౌతారో మెయా," అని పిలిచాడు.

ఎవరూ బదులు పలకలేదు.

ఒస్వాల్దో గిటారు కింద పెట్టాడు. ఆ ముఖం అతనికి తెలియదు. గొంతు తెలుసు. ఏడు నెలలు రోజూ పొద్దున్నే గంతల అవతలి నుంచి హాజరు పిలిచిన గొంతు.

"శిబిరంలో సిపాయివి కదూ నువ్వు?"

"అవును బాబూ."

"ఇక్కడ కూడా హాజరు తీసుకుందామని వచ్చావా?"

"మీతో ఒక్క మాట చెప్పి పోతాను. మీకొక్కరికే."

"నీ నోటి మాట ఏడు నెలలు విన్నాను. ఇక చాలు."

"ఏం చెప్తాడో విను," అంది ఎలియానా మెల్లగా.

"ఏం చెప్తాడు? చచ్చాడంటాడు. మనం వెతకడం మానెయ్యాలి, వాళ్లకి కావాల్సింది అదేగా. బయటికి నడువు."

ఆ మనిషి టోపీ పెట్టుకుని నడిచాడు.

మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. ఎవరూ తలుపు తియ్యలేదు. కచేరీ అయ్యేదాకా మంచులో నిలబడి వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం రాలేదు. అద్దెగదిలో గుండె ఆగి పోయాడని తెలిసింది.

"వేగు పీడ వదిలింది," అన్నాడొకడు.

మట్టి చెయ్యడానికి మావాళ్లెవరూ వెళ్లలేదు.

మంచు కరిగాక చిలీలోని తాల్కా ఊరినుంచి ఒస్వాల్దోకు ఉత్తరం వచ్చింది. నిలబడే చదివాడు. రెండోసారీ చదివాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

"ఏం రాశారు?" అంది ఎలియానా.

కాగితం ఆమెకిచ్చి, కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాడు. ఆమె పైకే చదివింది.

"బాబూ, నేను మీకు తెలియను. మీ చిరునామా సెగుందో అనే సిపాయికి ఇచ్చింది నేనే. శిబిరంలో ఎవరిని ఎక్కడ పూడ్చారో ఆయన కళ్లారా చూశాడు. ఒక్కొక్క తల్లి ఇల్లూ వెతుక్కుంటూ పోయి చెప్పాడు. పదకొండు ఇళ్లు తిరిగాక పట్టుబడి, నాలుగేళ్లు జైల్లో మగ్గాడు. ఆయన చూపిన చోటే మా వాడు దొరికాడు. కాగితం మీద పెడితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందోనని ఏదీ రాసుకోలేదు. మీ అమ్మగారు పోయారని తెలిసి, మిగిలిన ఆ ఒక్క కబురూ మీ చెవిన వెయ్యాలని బయల్దేరాడు. మీ తమ్ముడు ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే, కాస్త జాగ్రత్తగా చూసుకోండి."