కాపలావాడి చేతికి తొడుగు

మందు సీసా వేలాడుతున్న స్టాండును తోసుకుంటూ లెక్కల టీచరు మళ్లీ బాత్రూంకి వెళ్లింది.

తిరిగొచ్చి కూలబడేసరికి పక్క కుర్చీలో పెద్దాయన కాచుకుని ఉన్నాడు.

"కడుపు పాడైందా అమ్మాయ్?"

"మీకెందుకండీ!"

ఆ కేన్సరు హాలుకు ఎప్పుడొచ్చినా ఆయన ఉంటాడు. చేతికి సూది ఉండదు, వెంట రోగీ ఉండడు. ఏసీ చల్లదనానికి చేరిన బాపతు అనుకుంది టీచరు. నోటికి మాత్రం ఆదివారం కూడా సెలవు లేదు.

"ఈ కేన్సరుందే, మహా మాయలమారి. ఒంట్లో రోగాల్ని తరిమే కాపలావాడు ఎదురైతే పారిపోదు. నవ్వుతూ వెళ్లి చెయ్యి కలుపుతుంది. 'మీ ఇంటి అల్లుణ్ణేనండీ' అంటుంది. ఆ వెర్రిబాగులవాడు కర్ర పక్కన పెట్టి పీట వేస్తాడు!"

టీచరుకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మరి ఈ మందేం చేస్తుందట?"

"కాపలావాడి చేతికి తొడుగు వేస్తుంది. ఇక దొంగల్లుడికి చెయ్యి అందదు. బడితెపూజే!"

"మంచిదేగా."

"మంచిదే తల్లీ. కానీ తొడుగున్న చేతికి సొంతవాళ్ల స్పర్శా తెలీదు. ఒక్కోసారి ఇంట్లోవాళ్లనే చితకబాదుతాడు. పేగుల మీద పడ్డాడంటే ఆగడు. అందుకే అడిగా. నర్సమ్మకి చెప్పు."

టీచరు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

చెబితే మందు ఆపేస్తారు. ఈ మందుకే గడ్డ కరుగుతోంది. ఆపేస్తే?

ఇంతలో నర్సు రానే వచ్చింది.

"విరేచనాలు గానీ, దగ్గు గానీ ఉన్నాయామ్మా?"

"ఏమీ లేవు."

"ఉన్నాయి" అన్నాడు పెద్దాయన.

"నిజమేనా అమ్మా?"

టీచరు ముఖం కందగడ్డయింది.

"ఆడవాళ్లు బాత్రూంకి ఎన్నిసార్లు వెళ్తున్నారో చూస్తూ కూర్చునే మనిషి మాట నమ్ముతావా? ఇంకోసారి ఈయన ఇక్కడ కనబడితే పైవాళ్లకి ఫిర్యాదు చేస్తా!"

హాలంతా ఇటు తిరిగింది.

పెద్దాయన లేచాడు. తల వంచుకుని వెళ్తూ కూడా, "చెప్పు తల్లీ" అనే అన్నాడు.

టీచరు చెప్పలేదు. ఆయన మీద ఫిర్యాదు మాత్రం చేసింది.

వారం తిరక్కుండానే ఆమెను అంబులెన్సులో తెచ్చారు.

కళ్లు తెరిచేసరికి మంచం పక్కన అదే నర్సు.

"పేగులన్నీ పుళ్లేనమ్మా. మొదట్లోనే చెప్పుంటే మాత్రలకు లొంగేది, మందు మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఇక ఆ మందు మీకు ఎక్కించడానికి లేదన్నారు డాక్టరుగారు."

టీచరు నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలుస్తావా?"

"మీరు చెప్పాక గేటు దగ్గరే ఆపేశారమ్మా. రెండు మూడు రోజులు బయటే నిలబడ్డారు. ఇప్పుడు రావడం లేదు."

"అసలు ఆయన ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదమ్మా ఇప్పుడు" అంది నర్సు. "ఆయన భార్యకూ ఈ మందే ఎక్కించాం. ఆపేస్తామేమోనన్న భయంతో ఆవిడ మాకే కాదు, కట్టుకున్న మనిషికి కూడా చెప్పకుండా దాచుకుని పోయింది."