మృగం లేని సినిమా

మొదట గర్జన వినిపించింది. తెర మీద ఇంకా బొమ్మ రాలేదు. బూడిదరంగు చినుకులు మాత్రమే కురుస్తున్నాయి. గర్జన వెంట ఒక మనిషి కేక, కేక వెంట గొర్రెల అరుపులు. పామిడి బస్టాండు ఎదుటి ఫోటో స్టూడియోలో బల్ల ముందు కూర్చున్న భద్రమ్మ తల కొంచెం వంచి విన్నది.

"ఆ గొంతు వానిది కాదు" అంది. "మద్రాసులో ఎవరితోనో అరిపించి కలిపినారంట."

స్టూడియో యజమాని జయరాం యంత్రం ఆపి, క్యాసెట్టు తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. టేపు అంచు పొడవునా తెల్లగా బూజు పట్టి ఉంది.

"అవ్వా, ఇది ఒక్కసారే ఆడుతాది. ఆడేటప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాల. ఆ పైన ఇంక రాలిపోతాది."

"ఒక్కసారి చాలు నాయనా. మావాడు వచ్చేది మాత్రం నా ఫోన్లోకి ఎక్కించియ్యి."

"ఇన్నేండ్లు పెట్టెలో పెట్టుకోని, ఇప్పుడేం తొందరొచ్చె?"

"వచ్చే వానకాలం లోపల చూపు పోతాదని కంటి డాక్టరు చెప్పినాడు. వానిది ఫోటో ఒక్కటన్నా లేదు. ఉండేది ఇదే."

ఆ సినిమా జయరాంకు గుర్తుంది. నలుపు తెలుపుల కాలం నాటి పాత మృగం కథను ఎనభై ఏడులో ఎవరో రంగుల్లో మళ్లీ తీశారు. పాతదానిలో గోడ మీద మృగం నీడ పాకితే చాలు, జనం కళ్లు మూసుకునేవారట. కొత్తగా తీసినవాళ్లు నీడను నమ్మలేదు, నెత్తురును నమ్మారు.

"చిన్నప్పుడు ఇది చూసి మూడు దినాలు పక్క తడిపినా" అన్నాడు జయరాం.

"మూడేనా? మీ అమ్మ నాకు వారమని చెప్పె" అంది జిరాక్స్ యంత్రం దగ్గరున్న అతని భార్య సునంద.

భద్రమ్మ చిన్నగా నవ్వింది. "అదంతా రంగునీళ్లప్పా. మా ఊరి గుట్టల్లోనే తీసినారు. ఆ ఏడు కరువు. మాకు తాగేకి బిందెడు నీళ్లు దొరకవు, వాళ్లకు నెత్తురు కలిపేకి ట్యాంకరు వస్తాండె. పదైదు దినాలు ఎండలో నిలబెట్టినారు వాణ్ణి. ఇంటికొస్తే ఒళ్లంతా బొబ్బలు. ఆముదం రాస్తాంటి."

"ఆ తర్వాత?"

"ఆర్నెల్లకు బెంగుళూరికి కూలికి పోయినాడు. ఆడ వాని మీద గోడ పడింది."

బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. జయరాం రసీదు పుస్తకం తెరిచాడు.

"నీ కొడుకు పేరేందవ్వా? రాసుకుంటా."

"నా పేరు రాసుకో. భద్రమ్మ. వాని పేరు పలికి ముప్పై ఎనిమిదేండ్లాయ. నోట రాదప్పా."

"మరి వాణ్ణి ఎట్ల గుర్తుపట్టేది?"

"నడక చూడు. ఎడమ భుజం దించి నడుస్తాడు." లేవబోయి ఆగింది. "వాడు చచ్చేది వద్దు నాయనా. నడిచేది చాలు."

ఆమె వెళ్లాక, యంత్రంలో టేపును చదివే తలను నాలుగుసార్లు తుడిచి జయరాం టేపు నడిపించాడు. ఎర్రటి గుట్టలు, ఎండిన వంక. గొర్రెల వెనక ఒక కుర్రవాడు నడిచి వస్తున్నాడు. ఎడమ భుజం మీద గొర్రెపిల్ల. ఆ బరువుకు భుజం దిగి ఉంది. వాడు ఎవరినో చూసి నవ్వాడు. బండల వెనక నుంచి మృగం లేచింది. బరువుగా నడిచింది, గర్జించింది, కుర్రవాడి కడుపు చీల్చింది. పేగులు, నెత్తురు, మళ్లీ నెత్తురు. చివరికి ఊరంతా కలిసి మృగాన్ని తగలబెట్టింది. యంత్రంలోంచి తీసేసరికి టేపు పొడిపొడిగా రాలింది.

"ఆ కాపరి పిల్లోడే అంటావా?" అని సునంద అడిగింది.

"భుజం చూడలేదా? చచ్చేది వద్దని కూడా అనె."

"ఎందుకైనా మంచిది, ఒక మాట అడిగి తీసెయ్."

"కన్నతల్లిని పట్టుకోని, నీ కొడుకు పేగులు ఉంచాల్నా తియ్యాల్నా అని అడగమంటావా?"

సునంద జిరాక్స్ కాగితాల వైపు తిరిగింది.

రెండు రోజులు జయరాం పెళ్లి వీడియోలు పక్కన పెట్టి ఆ పని మీదే కూర్చున్నాడు. మృగం ఉన్న ప్రతి బొమ్మనూ కోసేశాడు. ఒకచోట దాని నీడ కుర్రవాడి పాదాల మీద పడింది. ఆ నీడను కూడా తుడిచాడు. నలభై సెకన్ల నడక మిగిలింది. కొంచెం నెమ్మదిగా నడిపిస్తే నిమిషం దాటింది. నడక, నవ్వు, మళ్లీ నడక. కంప్యూటరులో చోటు చాలక మిగతా సినిమాను తీసేశాడు. ఆ చోట్లోకి పెళ్లి వీడియోలు వచ్చి చేరాయి. బూజు వేరే క్యాసెట్లకు అంటుతుందని టేపు ముక్కలను పెరట్లో కాల్చాడు.

మంగళవారం మొదటి బస్సుకే భద్రమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఫోనును కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. కుర్రవాడు నడిచాడు. నవ్వాడు. మళ్లీ నడిచాడు.

"ముందుకు జరుపు నాయనా" అంది. "మృగం వచ్చేది యాడ?"

"రాదవ్వా. ఒక్క ముక్క లేకుండా తీసేసినా. నీడ కూడా నీ కంట పడదు."

"టేపు ఉండాదా?"

"పొడి అయిపోయింది. కాల్చేసినా. నీకింక ఆ భయం లేదు."

భద్రమ్మ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది. చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. జయరాం ముఖంలో ఇంకా చిరునవ్వు ఉంది. అతణ్ణి ఓదారుస్తున్నట్టు, మెల్లగా, ఒక్కొక్క మాటే కూడదీసుకుని ఆమె అంది:

"ఆ మృగం తోలు తొడుక్కోని నడిచినోడే, మా తిప్పేషు."